సజ్జ

ముహర్రక్‌లో, సముద్రానికి రెండు వీధులు ఇవతల
ఆరంతస్తుల ఆఫీసు. ఇంకా గీతల్లోనే ఉంది.
ఫాదిల్ గారికి పడమరంతా అద్దం కావాలి.
"సముద్రం కనపడాలి" అన్నారు.
సముద్రం ఉత్తరాన ఉంది.
పడమరన పక్కవాళ్ల కార్ల షెడ్డు,
దాని మీద ఆరేసిన రెండు తివాచీలు.

ఆ మాట నేను అనలేదు.
సూర్యుణ్ణి పిలిచాను సాక్ష్యానికి.
జూలై ఇరవై ఒకటి, మధ్యాహ్నం మూడున్నర.
తెర మీద పడమటి గోడ
పొయ్యి మీద మరిచిపోయిన పెనంలా ఎర్రబడింది.

"ఇది మా పని కదా" అన్నాడు సజీష్,
చిల్లర్ల లెక్క చూసే ఇంజనీరు.
"మీరు బొమ్మ పూర్తిచేసి పంపండి,
ఎంత వేడైనా మేం చల్లబరుస్తాం."
పదమూడేళ్లు అలాగే పంపాను,
కూర ఉప్పు కషాయమయ్యాక
నీళ్లు పొయ్యడానికి ఇంకొకర్ని కేకేసినట్టు.

ఈసారి పెన్సిలు చేతిలో ఉండగానే లెక్క వేశాను.
భవనాన్ని పదకొండు డిగ్రీలు తిప్పాను,
నిద్రలో పసివాణ్ణి ఒత్తిగిలబెట్టినట్టు.
కిటికీలు సన్నబడ్డాయి. గోడ ఒళ్లు చేసింది.
మెట్లూ లిఫ్టూ సామాన్ల గదులూ పడమరకి తోశాను,
ఎండని అవి కాచుకుంటాయి లెమ్మని.
ఒక చిల్లరు తగ్గింది.
ఫాదిల్ గారు ఆ అంకె రెండుసార్లు చదివి
సముద్రం ఊసు మళ్లీ ఎత్తలేదు.

గెలిచాననే అనుకున్నాను.

సాఫ్ట్‌వేర్ అన్నీ అడుగుతుంది.
లోపల ఎందరు? కూర్చునేవాళ్లా, తిరిగేవాళ్లా?
ఒక్కో ఒంటి నుంచి ఎన్ని వాట్ల వేడి?
దీపాలు ఎప్పుడు ఆర్పుతారు, శుక్రవారం ఎవరైనా వస్తారా?
బయట ఎందరని అడగదు.
బయటంటే దానికి వట్టి గాలి,
ఎంత వేడి కుమ్మరించినా నిండని గంగాళం.

స్థలంలో నమూనా గోడ ఒకటి లేపారు.
కోరుట్ల రాజమల్లు, మేస్త్రీ,
అరచేత్తో దాన్ని తట్టి అడిగాడు:
"మీ కాయిదాల దీన్నేమంటరు మేడం?"
అడ్డంగా అమర్చిన ఎండ నిరోధక పలక, అన్నాను.
"సజ్జ అనరాదుండ్రి" అని నవ్వాడు.
కాసేపు కింద నిలబడి, పైకి చూసి, పాదాలు చూసుకుని,
"గింత పొట్టిగ పెట్టిన్రు.
గోడకైతే నీడ దొరికింది. మనిషికి?"

ఆ రాత్రి నేల అంతస్తు సజ్జని
నలభై సెంటీమీటర్లు లాగాను.
"కరెంటు ఏమైనా ఆదా అవుతుందా?" సజీష్ అడిగాడు.
సున్నా, చుక్క, మళ్లీ సున్నా, ఆ తర్వాత ఏదో ఒకటి.
"మరెందుకు?"
కారణం అన్న గడిలో "గోడ రక్షణ" అని రాశాను.
ఉద్యోగంలో ఆడిన అబద్ధాల్లో
నాకు నచ్చింది అదొక్కటే.

మరుసటి ఏడు, మధ్యాహ్నం పని ఆపాల్సిన నెలల్లో వెళ్లాను.
పడమటి గోడకి వీపులానించి పదిమంది,
ఒళ్లో డబ్బాలు, పచ్చిపులుసు వాసన,
ఎవరి ఫోనులోనో పసిపిల్ల ఏడుపు.
కుర్చీ తెమ్మని రాజమల్లు ఎవర్నో పురమాయించాడు.
వద్దని నేనూ గోడకే ఆనుకున్నాను.
సిమెంటు వెచ్చగా ఉంది, కాలడం లేదు.

ఎండ మెల్లగా వచ్చింది.
ముందు చెప్పుల మీదికి, తర్వాత వేళ్ల మీదికి.
వాళ్లు మాటలు ఆపకుండానే మోకాళ్లు ముడుచుకున్నారు.
లెక్క ప్రకారం పాత సజ్జకి పన్నెండూ యాభై దాకా నీడ,
దీనికి ఒకటీ ఇరవై దాకా.
అరగంట.

నాలుగింటి దాకా పని లేదు. ఒకటీ ఇరవైకి నీడా లేదు.
మధ్యలో ఆ సమయాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో
ఏ గడిలోనూ రాయలేదు నేను.
డబ్బా మూత పెట్టి రాజమల్లు లేచాడు.
గడియారం చూడలేదు.
నేను చూశాను.